క్యాంటీన్ చూసి కొన్న షేర్లు

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
జూన్ 9, 2025

అమ్మడూ హేమశ్రీ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అత్త చిలకమ్మ ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించి పట్టుకుంది. నువ్వేదో అడిగావు. నేను "సరే సరే, జాగ్రత్త" అన్నాను. తర్వాత తెలిసింది, నువ్వు అడిగింది "మావయ్యా, నీ బీపీ ఎంతుంది?" అని. ముప్పై నాలుగేళ్ళు రోలింగ్ మిల్లు మోతలో నిలబడిన చెవులు ఇంతే. ప్లాంటువాళ్ళు ఇచ్చిన ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోకుండా జేబులో వేసుకు తిరిగింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. వాట్సాప్‌లో రాయమంటావు. నా ఫోన్ ఎప్పుడూ మీ అత్త చేతిలో ఉంటుంది, అందులో ఏం వచ్చినా సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అందుకని ఇకమీదట ఉత్తరాలే. నువ్వూ చక్కగా కాగితం మీద రాయి. కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. రిటైరైన మా బ్యాచ్ అంతా పొద్దున్నే జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర చేరతాం. ఇదివరకు రాజకీయాలు మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు షేర్లు. అందులోనూ చిప్పులు చేసే కంపెనీలు, కంప్యూటర్ సామాను చేసే కంపెనీలు. మా అర్జునరావు పేరులో సెమీకండక్టర్ అని ఉందని ఒకటి కొన్నాడు. ఆ కంపెనీ కిందటేడు దాకా సబ్బుల కంపెనీయేనట. పేరు మార్చుకుంది, సబ్బులు మానలేదు. ఇంకొకాయన ల్యాప్‌టాప్ బోర్డులు అతికే కంపెనీ కొని రోజూ గంటకోసారి ధర చూసుకుంటున్నాడు. వీళ్ళ మధ్య నా కుర్చీ కాస్త ఎత్తుగా ఉంటుంది. వాళ్ళందరూ ఫోన్‌లో చదివి మాట్లాడతారు. నేను మాత్రం "మా మేనకోడలు చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు" అంటాను. ఆ తర్వాత ఎవరూ నోరెత్తరు.

తవిటయ్య నీకు గుర్తుండే ఉంటాడు. మా మిల్లులో క్రేన్ నడిపేవాడు, చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీద అప్పికొండ సముద్రానికి తీసుకెళ్ళాడు. వాడు నిన్న అందరి ముందూ అన్నాడు: "మనం టన్నుల్లెక్కన ఇనుం సేత్తే ఎవుడూ తిరిగి సూడనేదు బావా. ఆ పిల్ల గోరంత ముక్క సేత్తే దేశమంతా సూత్తన్నాది." ఇనుముని అన్నందుకు నాకు కాస్త చురుక్కుమంది. అయినా గర్వమే ఎక్కువ కలిగింది.

మేడ మీద రెండు గదులు వేద్దామని దాచిన నాలుగు లక్షలు బ్యాంకులో పడి ఉన్నాయి. ఆ గదులు వేసి అద్దెకిస్తే నాకూ మీ అత్తకీ ఇబ్బంది లేకుండా గడుస్తుంది. ఈలోగా సిమెంటు ధర, మేస్త్రీ కూలి నా డబ్బు కంటే ముందు పరిగెడుతున్నాయి. మీ వజ్రాంశ్ సెమీకండక్టర్స్‌లో పెడితే ఎలా ఉంటుంది? కొనమంటావా, వద్దంటావా? ఒక్క ముక్కలో రాయి.

మావయ్య


సాణంద్, గుజరాత్
జూన్ 24

మావయ్యా,

నీ ఉత్తరం మా హాస్టల్లో పెద్ద వింతయిపోయింది. నా రూమ్మేట్ కవరుకి ఫోటో తీసుకుంది. "మీ మావయ్య చేతిరాత అచ్చువేసినట్టుంది" అంటే, మిల్లులో లాగ్‌బుక్ రాసిన చెయ్యి అని చెప్పాను.

కొనమంటావా అని అడిగావు. చెప్పను. చెప్పకూడదు. చేరిన రోజే మాచేత సంతకాలు పెట్టించుకున్నారు. లోపల జరిగేది నేను బయట చెప్పినా, ఆ మాట పట్టుకుని మావాళ్ళెవరైనా షేర్లు కొన్నా, అమ్మినా అది నేరం. ఉద్యోగం పోతుంది. సెబీ వాళ్ళు కేసు పెడతారు. ఆ తర్వాత ఈ రంగంలో ఏ కంపెనీ గేటూ నన్ను లోపలికి రానివ్వదు. నా నాలుగేళ్ళ చదువు, మూడేళ్ళ ఉద్యోగం ఒక్క మాటతో పోతాయి మావయ్యా. అందుకే నువ్వు నన్ను ఇంకేదైనా అడుగు, ఇది మాత్రం అడక్కు.

మా వెబ్‌సైట్‌లో అందరికీ కనబడే సంగతి మాత్రం చెబుతాను. చిప్పు గీసిన పలక మాకు వేరేచోట నుంచి వస్తుంది. దాన్ని ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కనీ లోహపు పలక మీద అంటించి, వెంట్రుక కన్నా సన్నటి తీగలతో కుట్టి, పైన నల్లటి మూత పోసి, పరీక్ష పెట్టి పంపుతాం. తల నుంచి పాదాల దాకా తెల్లటి సూటులో ఉంటాం, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ముక్క సరిగ్గా అంటుకుందో లేదో ఎక్స్‌రేలో చూసి సంతకం పెట్టడం నా పని. ఆ సూటు వేసుకుని లోపలికి అడుగు పెట్టిన ప్రతిసారీ, గాజువాకలో మా ఇంటి గోడ మీద వేలాడిన మీ మిల్లు క్యాలెండర్ చూస్తూ పెరిగిన పిల్లనేనా ఇది అనిపిస్తుంది. 

తవిటయ్య మావయ్యకి చెప్పు, ఇక్కడి మెషీన్లన్నీ ఉక్కువేనని.

నీ బీపీ ఎంతుంది? ఈసారైనా చెప్పు.

హేమ


కూర్మన్నపాలెం
జులై 10

అమ్మడూ,

బీపీ నూట నలభై. నీ ఉత్తరం చదివాక నూట యాభై.

తమాషాకి అన్నాను. నువ్వు చెప్పనన్నందుకు కోపం లేదు. పైగా టీ కొట్టు దగ్గర "మా పిల్ల సొంత మేనమామకి కూడా చెప్పలేదు, అదీ క్రమశిక్షణ" అని పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. తవిటయ్య చప్పట్లు కొట్టాడు. ఇక అడగను.

నా దారిలో నేను చదువుకుంటున్నాను. ద్వారకా నగర్‌లో బ్రోకర్ ఆఫీసుకి వెళ్ళి మీ కంపెనీ వార్షిక నివేదిక ప్రింటు తీయించుకున్నాను. రెండొందల పేజీలు. పెన్సిల్ పెట్టుకుని చదువుతున్నాను. అక్కడి కుర్రాడు "ఇది ఎవరూ చదవరండీ" అన్నాడు. చిప్పులకి కూడా ఉక్కులాగే మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటాయని దీన్లో తెలిసింది. గిరాకీ ఉందని అందరూ ఒకేసారి ఫ్యాక్టరీలు కడతారు, అవి పూర్తయ్యేసరికి సరుకు ఎక్కువై ధర పడుతుంది. మా రంగంలో ఇది నాలుగుసార్లు చూశాను. ధర ఆకాశంలో ఉన్నప్పుడు ఉక్కు షేర్లు కొన్నవాళ్ళు ఎలా ఏడ్చారో కూడా చూశాను. కాబట్టి నీ మావయ్య గుడ్డిగా దూకేవాడు కాదు.

మీ అత్త నీ గురించి బెంగ పడుతోంది. ఆదివారాలు సెలవు ఇస్తున్నారా? భోజనం వేళకి పెడుతున్నారా? షిఫ్టు బస్సులో సీటు దొరుకుతోందా? వివరంగా రాయమంది.

మావయ్య


సాణంద్
ఆగస్టు 6

మావయ్యా,

వివరంగా రాయడానికి ఓపిక లేదు. అత్తకి చెప్పు, మూడు ఆదివారాలుగా సెలవు లేదు. పన్నెండు గంటల షిఫ్టులు. భోజనానికి మాత్రం లోటు లేదు, ఇప్పుడు క్యాంటీన్ ఇరవై నాలుగ్గంటలూ తెరుస్తున్నారు. ఎప్పుడెళ్ళినా వేడిగా ఖిచిడీ దొరుకుతుంది. నాకు మాత్రం మన చింతపండు పులుసు వాసన తగిలితే చాలు, ప్రాణం లేచొస్తుంది. బస్సులు కూడా రెండు పెంచారు, కాబట్టి సీటు దొరుకుతోంది. సీట్లోనే నిద్రపోతున్నాను. నిన్న నా స్టాపు దాటిపోయి డిపోలో లేచాను.

అమ్మ ఈ నెల వస్తానంది. వద్దని చెప్పాను. వచ్చినా గదిలో ఒక్కతే కూర్చోవాలి. నువ్వు కూడా ఒక మాట చెప్పు, నా మీద అలిగింది.

ఎవరితోనైనా కాస్త మాట్లాడాలనిపించి రాశాను, అంతే.

హేమ


కూర్మన్నపాలెం
ఆగస్టు 25

మా బంగారు తల్లీ,

కొనేశాను! నాలుగు లక్షలూ పెట్టాను. షేరు నాలుగొందల పన్నెండు పడింది. పదిహేను రోజుల్లో నాలుగొందల ముప్పై అయింది.

నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు, నేను ఒక్క ముక్క అడగలేదు. అయినా నీ మావయ్య కనిపెట్టేశాడు. ఎలాగో విను. మా మిల్లులో ఆర్డర్లు మీద పడినప్పుడు ముందుగా పోయేవి ఆదివారాలు. తర్వాత క్యాంటీన్ రాత్రంతా తెరిచేవాళ్ళు. ఆ తర్వాత షిఫ్టు బస్సులు పెంచేవాళ్ళు. ఈ మూడూ జరిగాయంటే యార్డులో ఒక్క ఊచల కట్ట కూడా నిలవ ఉండదని లెక్క. ముప్పై నాలుగేళ్ళలో ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు. రెండొందల పేజీల నివేదిక చెప్పలేనిది మీ ఖిచిడీ చెప్పింది!

టీ కొట్టు దగ్గర ఇప్పుడు నాకు లేచి నిలబడి చోటిస్తున్నారు. తవిటయ్య కూడా లక్షన్నర పెట్టాడు. మోకాలి ఆపరేషన్‌కి దాచుకున్నది. "నువ్వు ఎడితే నానూ ఎడతాను బావా, కొంచెం పెరిగితే రెండు మోకాళ్ళూ సేయించుకుంతాను" అన్నాడు. మీ అత్త మాత్రం "సెవులు పోనాయి గానీ నోరు పోనేదు, ఊరందరికీ సెప్పుకొత్తన్నారు" అని సణుగుతోంది. సణగనీ. మేడ మీద గదులు లేచాక ముందు గది తనదే అంటుంది.

బాగా తిను. బాగా నిద్రపో. ఆ ఆదివారాలు ఎక్కడికీ పోవు, నీ కంపెనీని పైకి లేపుతున్నాయి.

మావయ్య


సాణంద్
సెప్టెంబర్ 4

పూజ్యులైన మావయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు, తవిటయ్య గారు మా కంపెనీ షేర్లు కొన్న విషయం మా కంప్లయన్స్ ఆఫీసుకి, అంటే లోపలి సంగతులు బయటికి పోకుండా చూసే విభాగానికి, రాతపూర్వకంగా తెలియజేశాను. మీ ఉత్తరం కాపీ ఇచ్చాను. ఆగస్టులో నేను మీకేం రాశానో కూడా చెప్పాను. వాళ్ళు మీకొక కాగితం పంపుతారు. జరిగింది జరిగినట్టు రాసి పంపండి.

ఈ త్రైమాసికం ఫలితాలు వచ్చి, ఆపైన రెండు రోజులు గడిచే దాకా మీరు గానీ, ఆయన గానీ మా కంపెనీ షేరు ఒక్కటి కూడా కొనకూడదు, అమ్మకూడదు. ఇది ఆఫీసువాళ్ళు మీకు చెప్పమన్న మాట. దీన్లో మంచి గానీ చెడు గానీ వెతక్కండి.

విచారణ ముగిసే దాకా నేను ఉత్తరాలు రాయలేను.

ఇట్లు
హేమశ్రీ


కూర్మన్నపాలెం
సెప్టెంబర్ 12

హేమశ్రీ,

నువ్వు రాయలేనన్నావు. నేను రాయకూడదని ఎవరూ అనలేదు కదా, రాస్తున్నాను.

నీ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి రెండు రోజులు ఎండలో లైన్లో నిలబడ్డ మావయ్యని "మీరు" చేశావు. పైగా దొంగని పట్టిచ్చినట్టు ఆఫీసుకి పట్టిచ్చావు. నేనేం దొంగతనం చేశాను? నీ కడుపుకి తిండి పెడుతున్నారా అని అడగడం నేరమా? ఊళ్ళో తలెత్తుకు తిరుగుతున్నవాణ్ణి, మీ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో కాగితం వస్తే పక్కింటి అబ్బాయి చేత చదివించుకోవాల్సి వచ్చింది. వాడు చదువుతూ చదువుతూ నా మొహం వంక చూశాడు. ఆ చూపు నా జన్మలో మర్చిపోను.

సెప్టెంబర్ 16

పై నాలుగు ముక్కలూ రాసి పోస్టు చేయకుండా ఉంచాను. చింపేద్దామనుకున్నాను. ఉండనీ, నా కోపం కూడా నీకు తెలియాలి.

అబద్ధం ఆడాను అమ్మడూ. జులైలో భోజనం, బస్సు, ఆదివారం గురించి అడగమన్నది మీ అత్త కాదు. నేనే. అడగనని రాసిన ఉత్తరంలోనే దొడ్డిదారిన అడిగాను. అది తెలివి అనుకున్నాను. నువ్వు అలసిపోయి, మాట్లాడటానికి మనిషి లేక నాకు రాస్తే, నేను నీ అలసట చూడలేదు, అందులో నా లాభం వెతుక్కున్నాను. ఈ మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మీ ఆఫీసుకి రాసిన జవాబులో కూడా ఇదే రాశాను. "పిల్ల ఏమీ చెప్పలేదు, ముసలివాడు క్యాంటీన్ చూసి ఆశపడ్డాడు, శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి" అని తెలుగులో రాసి సంతకం పెట్టి పంపాను.

తవిటయ్యని ఇంటికి పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. "నవంబర్ దాకా మనం అమ్మకూడదు. ఈలోగా పెరగొచ్చు, పడొచ్చు. నీ డబ్బు నువ్వు కావాలంటే ఎవరూ చెయ్యి పట్టుకోరు గానీ, మనం కదిలితే పిల్ల ఉద్యోగం మీదికొస్తుంది" అన్నాను. నాకు వినబడాలని వాడు గట్టిగా అరిచి చెప్పాడు, పక్క రెండిళ్ళవాళ్ళూ వినే ఉంటారు: "ఆడపిల్ల పేరు మీద మచ్చేసి నా మోకాలు బాగుసేసుకుంతానేటి బావా? ముప్పై ఏళ్ళు క్రేన్ మెట్లెక్కినాది ఈ కాలు. ఇంకో ఆర్నెల్లు కుంటితే కొంప మునిగిపోదు. నువ్వు అమ్మినా నాను అమ్మను!"

వాడు వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని మెట్లు దిగాడు. మీ అత్త వీధి చివర దాకా తోడెళ్ళింది.

నువ్వు చేసింది సరైన పని. నీకు వీలైనప్పుడే రాయి.

మావయ్య


సాణంద్
నవంబర్ 15

మావయ్యా,

ఫలితాలు పదకొండున వచ్చాయి. నువ్వు చూసే ఉంటావు. కంపెనీకి నష్టం వచ్చింది, షేరు రెండొందల డెబ్భైకి పడింది. నీ డబ్బులో మూడో వంతు పోయింది. విచారణ కూడా ముగిసింది, ఏం రాయొచ్చో ఆఫీసులో అడిగాకే రాస్తున్నాను.

కంపెనీ బయటికిచ్చిన ప్రకటనలో ఇలా ఉంది: "రైళ్ళ బ్రేకులను నియంత్రించే పరికరాల కోసం తయారైన చిప్పులను నాణ్యతా విభాగం అభ్యంతరం మేరకు పంపకుండా నిలిపివేశాం." ఆ అభ్యంతరం నాది.

జులైలో ఒక రోజు ఎక్స్‌రేలో చూస్తుంటే, ముక్కకీ లోహపు పలకకీ మధ్య జిగురు పొరలో సన్నటి గాలి బుడగలు కనబడ్డాయి. కరెంటు పెట్టి చూస్తే అన్నీ పాసవుతున్నాయి. సరుకు కొనేవాళ్ళు ఇచ్చిన కొలతల్లోనే ఉన్నాయి. కానీ రోజూ వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఏడాది గడిచేసరికి ఆ బుడగ ఉన్నచోట చిప్పు మాడిపోతుందని నాకు అనిపించింది. మాడిపోయేది రైలు బ్రేకు దగ్గర. సంతకం పెట్టనన్నాను. మా మేనేజర్ నాలుగ్గంటలు కూర్చోబెట్టాడు. "కొలతల్లో ఉంది కదా, నీకేం పోయింది? ఈ సరుకు ఆగితే త్రైమాసికం మొత్తం పోతుంది" అన్నాడు. అయినా నలభై లాట్లకీ, అంటే ఆ నలభై విడతల సరుకుకీ, పంపకూడదనే ఎర్ర చీటీ కట్టి, కారణం రాసి, పైవాళ్ళకి మెయిల్ పెట్టాను. బెంగళూరు నుంచి మా నాణ్యతా విభాగం పెద్దావిడ మర్నాడే వచ్చింది. నా పక్కనే సూటు వేసుకుని నిలబడి తనే చూసింది. "ఆపింది మంచిదే. అన్నీ తిరిగి చూడండి" అంది.

ఆ తిరిగి చూడటమే మావయ్యా, నా ఆదివారాలు. ఆర్డర్లు మీద పడి కాదు. లక్షల ముక్కలు మళ్ళీ ఎక్స్‌రే తీయడానికి రాత్రీ పగలూ మనుషుల్ని పెట్టారు, వాళ్ళ కోసం క్యాంటీన్ తెరిచారు, వాళ్ళ కోసం బస్సులు పెంచారు. పరీక్షల్లో నా అనుమానమే నిజమైంది. మూడో వంతు సరుకు నాశనం చేశారు. జిగురు ఆరబెట్టే ఓవెన్‌లో లోపం దొరికింది.

నువ్వు షేర్లు కొన్నానని రాసిన రోజు ఆ ఉత్తరం పట్టుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చుండిపోయాను. ఏం జరగబోతోందో నాకు తెలుసు. నీకు చెప్పకూడదు. చెబితే నువ్వు అమ్మేస్తావు, నీ డబ్బు మిగులుతుంది. నేను జైలుకెళ్ళకపోయినా, ఆ ఎర్ర చీటీ కట్టిన చెయ్యే తప్పు చేసినట్టవుతుంది. అందుకే "మీరు" అని రాశాను. "నువ్వు" అని మొదలుపెడితే నా పెన్ను ఆగేది కాదు.

నీ జవాబుని మా అకౌంట్స్‌లో పనిచేసే రాజమండ్రి అబ్బాయి చేత తర్జుమా చేయించారు. కంప్లయన్స్ ఆవిడ చదివి నవ్వు ఆపుకోలేకపోయిందట. "క్యాంటీన్ చూసి కొని నష్టపోయిన ఇన్‌సైడర్‌ని ఇప్పుడే చూస్తున్నాను" అందట. లోపలి గుట్టు తెలుసుకుని షేర్లు కొనేవాణ్ణి అలా అంటారు. నువ్వు అమ్మకుండా ఉన్నావని చూశారు. నాకు ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి ఫైలు మూసేశారు.

కానీ నీ గదులు పోయాయి మావయ్యా. నేను సంతకం పెట్టకపోవడం వల్లే పోయాయి. తవిటయ్య మావయ్య మోకాలు కూడా. నెలకి పదివేలు పంపుతాను, మీ ఇద్దరి నష్టం తీరే దాకా. నన్ను క్షమించు.

హేమ


కూర్మన్నపాలెం
డిసెంబర్ 3

తల్లీ హేమా,

నీ పదివేలు నాకొద్దు. నీ క్షమాపణ అసలే వద్దు, వెనక్కి తీసుకో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, చొక్కా వేసుకుని టీ కొట్టుకి వెళ్ళాను. పదకొండో తారీఖు నుంచి అటు పోలేదు. నన్ను చూడగానే అర్జునరావు "ఏటి గురునాథం, మేడ మీద గదులు గాల్లో కట్టేసినావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చుని, నీ ఉత్తరంలో ఆ ఎర్ర చీటీ కట్టిన భాగం పైకి చదివాను. నా గొంతు నాకు సరిగ్గా వినబడదు కదా, ఎంత గట్టిగా చదివానో తెలియదు. చదవడం అయ్యేసరికి పక్కనున్న టిఫిన్ సెంటరువాళ్ళు, ఆటోవాళ్ళు కూడా వచ్చి నిలబడి ఉన్నారు. మా వాళ్ళందరూ ఫర్నేసు దగ్గర, మిల్లు దగ్గర, క్రేన్ మీద బతుకు వెళ్ళదీసినవాళ్ళు. పైవాడు పంపమన్న సరుకుని ఆపడం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తవిటయ్య లేచి నిలబడి "నాను సైకిలెక్కించి తిప్పిన పిల్లరా అది!" అని ఏడ్చేశాడు. ఆ రోజు అందరి టీ డబ్బులూ అర్జునరావే ఇచ్చాడు. అది కూడా జరుగుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

తవిటయ్య తన షేర్లు అమ్మేశాడు, జనవరిలో ఆపరేషన్. వాడికి పోయింది నా నోటి వల్ల కాబట్టి ఆ లోటు నేనే పూడ్చాను. తీసుకోనని గింజుకున్నాడు. మీ అత్త డబ్బు తీసుకెళ్ళి వాళ్ళావిడ నూకాలు చేతిలో పెట్టి వచ్చేసింది.

నేను మాత్రం అమ్మలేదు. పైగా నిన్న ద్వారకా నగర్ వెళ్ళి ఇంకో ముప్పై షేర్లు కొన్నాను. ఫలితాలు వచ్చి రెండు రోజులు ఆగమన్నారు, నేను మూడు వారాలు ఆగాను. కొన్న కాగితం జిరాక్స్ ఇందులో పెట్టాను, మీ ఆఫీసులో ఇవ్వు. ఈసారి నీ తిండి, నిద్ర చూసి కొనలేదు, పేపర్లో అందరికీ తెలిసిన సంగతి చూసి కొన్నాను. అంతా బాగుందని చెప్పుకునే కంపెనీలు మా టీ కొట్టు దగ్గర రోజుకి పది వినబడతాయి. ఇరవై ఏడేళ్ళ పిల్ల కాదంటే మూడు నెలల లాభం వదులుకుని ఆగిన కంపెనీ నాకు ఇదొక్కటే తెలుసు. రేపు షేరు లేస్తుందో, ఇంకా పడుతుందో నాకు తెలియదు. గదులు మరో నాలుగేళ్ళు ఆగినా ఫరవాలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇది మీ అత్తకి కూడా తెలియదు. ప్లాంటులో చేరకముందు, నాకు ఇరవై మూడేళ్ళప్పుడు, ఒక చిన్న ప్రైవేటు మిల్లులో పనిచేశాను. ఇళ్ళ స్లాబుల్లో వేసే ఊచలు చేసేవాళ్ళం. లారీ ఎక్కించే ముందు ఒక ఊచని వంచి చూడాలి, బీట రాకూడదు. ఒక రోజు వంచితే బీట వచ్చింది. ఓనరు పక్కనే ఉన్నాడు. "లారీ నిలబడితే అద్దె నువ్వు కడతావా? సంతకం పెట్టు" అన్నాడు. నాన్న చనిపోయి ఏడాది కూడా కాలేదు, మీ అమ్మ ఇంకా చదువుకుంటోంది, నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది. పెట్టేశాను. ఆ లారీ ఎక్కడికి పోయిందో అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. ముప్పై తొమ్మిదేళ్ళయింది. ఏదైనా పాత బిల్డింగు కూలిందని పేపర్లో వస్తే ముందు ఊరి పేరు చూస్తాను, తర్వాత కట్టిన సంవత్సరం చూస్తాను. ఆ తర్వాత ప్లాంటులో నా చేతి మీదుగా ఒక్క తప్పుడు కట్ట కూడా పోలేదంటే, అది గొప్పతనం వల్ల కాదు, ఆ ఒక్క సంతకం భయం వల్ల.

నాకు సాధ్యం కానిది నువ్వు చేశావు. చేసి, దాని వల్ల నష్టపోయింది సొంత మేనమామ అని తెలిసి కూడా నోరు విప్పకుండా నిలబడ్డావు. నీకు దణ్ణం పెట్టాలని ఉంది. పెద్దవాణ్ణి, పెట్టకూడదు కాబట్టి దీవిస్తున్నాను.

నీ
గురునాథరావు మావయ్య